విభూతి పెట్టకుండా పిలిస్తే

ఔలు, ఫిన్లండ్
మాఘమాసం, ఆదివారం

అక్కకి లలిత నమస్కరించి రాసేది.

మనం పిలిచినప్పుడు తిరిగి వచ్చేది అవతలివాళ్ళ జవాబా, మన గొంతేనా? ఈ ప్రశ్న చాలా ఏళ్ళుగా నా దగ్గర ఉంది. ఇన్నాళ్ళూ అది నా చదువుకి సంబంధించినదే అనుకున్నాను. కాకినాడ కాలేజీలో బోర్డు మీద రాశాను, పరీక్షల్లో ఇచ్చాను, తప్పు రాసినవాళ్ళకి మార్కులు కోశాను. పోయినవారం ఫోనులో అదే ప్రశ్న నువ్వు నన్ను అడిగావు. కార్డులో డబ్బులైపోయాయని అబద్ధమాడి పెట్టేశాను.

ముందు మీ సంగతులు చెప్పు. నీ మోకాలు ఎలా ఉంది? బావగారిని పక్కకి తిప్పేటప్పుడు ఒక్కదానివే ఎత్తకు, పనికి మంగ వచ్చేదాకా ఆగు. బీపీ మాత్ర వేసుకుంటున్నావా, బావగారి ముక్కు పైపులో జావ పోసే హడావుడిలో మర్చిపోతున్నావా? బావగారి వీపు మీద పుండు మానిందన్నావు, మళ్ళీ రానివ్వకు. పెద్ద బావగారి దగ్గు తగ్గిందా? మంగ కూతుర్ని పురిటికి తీసుకొచ్చారా?

నేను బాగానే ఉన్నాను. నువ్వు నమ్మవని తెలుసు, కానీ బాగానే ఉన్నాను. చలి ముందటంత లేదు. పగలు కొంచెం సాగింది, మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కునేసరికి చీకటి పడే రోజులు పోయాయి. వంకాయలు దొరుకుతున్నాయి, కోస్తే గింజా ఉండదు, వండితే రుచీ ఉండదు. బియ్యం మంచివే. నువ్వు పెట్టిన చల్లమిరపకాయలు ఇంకా అడుగున నాలుగు ఉన్నాయి, జ్వరం వచ్చినప్పటికని దాచాను. జ్వరం రాలేదులే, కంగారు పడకు. ఉప్పాడ చీర పెట్టెలోనే ఉంది. ఇక్కడ ప్యాంటు, దాని మీద ఇంకో ప్యాంటు, ఉన్ని మేజోళ్ళు. మొన్న సెలవునాడు గదిలో ఆ చీర కట్టుకుని కాసేపు కూర్చున్నాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు. మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేశాను.

ఫోనులో చెప్పకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు ఆపడానికి నేను ఏదో ఒకటి చెప్పేస్తాను. ఈ విషయంలో అలా చెప్పకూడదు. ఇక్కడ ఉండే తుని దంపతులు మనవడి అన్నప్రాశనకి వస్తున్నారు, వాళ్ళ చేతికిస్తున్నాను. నేను వచ్చేలోపు ఇది నీకు చేరాలి. అవును, వస్తున్నాను. బావగారికి పైపు మార్చే వారానికల్లా అక్కడ ఉంటాను. కానీ నేను జవాబు పట్టుకుని వస్తున్నానని నువ్వు అనుకోకూడదు. అందుకే రాస్తున్నాను.

దసరాల తర్వాత తిరిగొచ్చిన కొత్తలో నేను ఇక్కడ ఏం చేస్తున్నానని నువ్వు అడిగినప్పుడు చేతి అద్దం గురించి చెప్పాను, గుర్తుందా? ఎండలో అద్దం పట్టుకుని అవతలి గోడ మీద వెలుతురు ఆడిస్తారే పిల్లలు. అద్దానికి సొంత వెలుతురు లేదు. సూర్యుడిదే వెలుతురు. అటూ ఇటూ తిప్పడం ఒక్కటే దాని పని. ఆ తిప్పడంలో ఒక లెక్క పెట్టుకుంటే, అవతల ఉన్నవాడికి కబురు చెప్పవచ్చు. మేం ఇక్కడ చేసే బిళ్ళలు కూడా అంతే. రూపాయి బిళ్ళంత ఉంటాయి, కింద ఒక తీగ. ఇక్కడి అడవుల్లో మంచు కింద నేల ఎంత లోతున గడ్డకట్టిందో చూసి చెప్పాలి. మామూలు రేడియో పెడితే ఈ చలికి బ్యాటరీలు చచ్చిపోతాయి. అందుకని బిళ్ళ చేత అరిపించం. మేమే ఒక పెద్ద రేడియోతో అరుస్తాం. ఆ అరుపు బిళ్ళ మీద పడుతుంది, బిళ్ళ దాన్ని తన లెక్కలో అటూ ఇటూ తిప్పి వెనక్కి వదులుతుంది. వెళ్ళేటప్పుడు సన్నబడింది తిరిగి వచ్చేటప్పుడు ఇంకా సన్నబడుతుంది. మాకు వినబడేసరికి అది ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. పైగా మా అరుపు మా చెవిలోనే మోగుతూ ఉంటుంది. పెళ్ళిలో సన్నాయి పక్కన కూర్చుని పందిరి అవతలి ఎవరి గాజుల చప్పుడో వినాలనుకున్నట్టు.

ఇదంతా చెబితే నువ్వు చివరిదాకా విన్నావు. తర్వాత నెమ్మదిగా అన్నావు, "మీ బావగారూ అంతేనే లల్లీ. పిలిస్తే పలుకుతున్నారు. ఆ డాక్టర్లకి వినబడటం లేదు, అంతే."

అప్పుడు నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. నువ్వు దాన్ని అవును అనే తీసుకున్నావు.

దసరాల్లో బావగారు పడిపోయినప్పుడు నేను వచ్చి ఉన్న రోజుల్లో కాకినాడ ఆసుపత్రిలో జరిగింది నాకు బాగా గుర్తు. డాక్టరుగారు మంచం మీదకి వంగి "నారాయణమూర్తిగారూ" అని గట్టిగా పిలిచారు, ఛాతీ మీద నొక్కారు, కళ్ళలో లైటు వేశారు. ఏమీ లేదు. "మీరు పిలవండమ్మా, పేరు పెట్టి గట్టిగా" అన్నారు నీతో. నువ్వు తలుపు వైపు చూశావు, నా వైపు చూశావు, పెళ్ళయి ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ పేరు నీ నోట రాలేదు. చివరికి "ఏవండీ" అన్నావు, వంటింట్లోంచి కాఫీకి పిలిచినంత గొంతుతో. ఎడమ కంటి రెప్ప కొంచెం ఆడింది. నేనూ చూశాను. డాక్టరుగారు చూసి, "అది పేరు కాదు కదమ్మా, అలాంటి కదలికలు ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోం" అన్నారు. నాకు అప్పుడే అనిపించింది, మా బిళ్ళల్లో ఒక్కోదానికి ఒక్కో పిలుపు ఉంటుంది, వేరే పిలుపుకి అది పలకదు. నీ నోట ఆయనకి ఏవండీ తప్ప వేరే పిలుపు ఎక్కడుంది? అలా అనుకుని సంతోషించాను. ఆ సంతోషం మీదే నాకు ఇప్పుడు అనుమానం.

నీకు ఫోనులో పరీక్షలు పెట్టానని పెద్ద బావగారు నొచ్చుకున్నారట. నాకు వేరే దారి కనబడలేదు. పిలిచేముందు ఏం చేస్తావని అడిగాను. "ఏం చేస్తాను, తడిగుడ్డతో మొహం తుడిచి, భీమేశ్వరస్వామి విభూతి పెడతాను. పెట్టకుండా ఎలా పలకరిస్తానే?" అన్నావు. విభూతి పొడి కదా అక్కా. నుదుటి మీంచి రాలి రెప్ప మీద పడితే ఎవరి రెప్పయినా ఆడుతుంది. అందుకే అడిగాను, ఒకరోజు విభూతి పెట్టి పిలవకుండా ఊరుకో, ఇంకోరోజు విభూతి పెట్టకుండా పిలువు, మంగని అవతలివైపు కూర్చోబెట్టి చూడమను అని.

మొదటిరోజు విభూతి పెట్టి ఊరుకున్నావు. రెప్ప కదల్లేదు. నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. పొడి వల్ల కాదు, నీ గొంతు వల్లే కదులుతోందన్నమాట అనుకున్నాను. నువ్వేమో దిగులుగా, "అలిగారే. బొట్టు పెట్టి పలకరించకుండా రాయిలా నిలబడితే అలగరూ మరి" అన్నావు. వెనకనుంచి మంగ గొంతు వినబడింది, "మీ మీద కాదండి, చిన్నమ్మగారి మీద అలిగారు. ఊరందరికీ పరీక్షలు పెట్టిన మేస్టారికి ఈవిడ పరీక్ష పెడతందేంటి అని." ఎన్నో వారాల తర్వాత నువ్వు నవ్వగా విన్నాను.

రెండోరోజు విభూతి లేకుండా పిలవమంటే నీ వల్ల కాలేదు. పిలుస్తూ ఉండగానే చెయ్యి దానంతటదే పళ్ళెంలోకి వెళ్ళిపోయిందన్నావు. రెప్ప ఆడింది, కానీ దేనికి ఆడిందో ఎవరు చెప్పగలరు? ఆ మర్నాడు మంగ పళ్ళెం దాచేసింది. నువ్వు ఉత్త చేతులతో నిలబడి పిలిచావు. కదిలిందని నువ్వన్నావు. కదిలిందని మంగ అంది. అక్కడే కూర్చున్న పెద్ద బావగారు కదల్లేదన్నారు. మంగ బావగారి మొహం చూసి చెప్పిందా, నీ మొహం చూసి చెప్పిందా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. పెద్ద బావగారు మాత్రం అలిసిపోయిన కళ్ళతో చూడలేదని ఎవరు చెప్పగలరు?

ఇది ఇలా ఉండగా ఇక్కడ రెండు సంగతులు జరిగాయి. నీకు చెప్పకుండా ఉండలేను.

ఊరికి దూరంగా ఒక సరస్సు ఉంది. ఇప్పుడంతా గడ్డకట్టి, మనుషులు దాని మీద నడిచి వెళ్ళిపోతారు. ఈ ఒడ్డున మా పెద్ద రేడియో పెట్టాం, అవతల ఒడ్డున చెట్లకి బిళ్ళలు కట్టాం. అన్నిటికంటే దూరాన ఉన్న బిళ్ళ నుంచి జవాబు వచ్చింది, అదీ చాలా స్పష్టంగా. అంత దూరం నుంచి ఇంతవరకు మాకెప్పుడూ రాలేదు. మా పని నడిపించే మార్యా, నాకంటే కొంచెం పెద్దది, కేకు తెప్పించింది. అందరూ నన్ను కౌగలించుకున్నారు. నాకే మనసొప్పలేదు. సరస్సు మీద నడుచుకుంటూ అవతలికి వెళ్ళి, ఆ బిళ్ళని చెట్టు మీంచి తీసి, రేకు బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించాను. రేకు డబ్బాలోకి మా రేడియో అరుపు వెళ్ళదు. ఫోను చేసి అడిగితే, జవాబు ఇంకా వస్తోందన్నారు. అదే స్పష్టంగా.

అది బిళ్ళ జవాబు కాదక్కా. మా అరుపే. మంచు మీద తగిలి, గట్టు మీద తగిలి, మా దగ్గరికే తిరిగి వచ్చింది. బిళ్ళ ఏం చెబుతుందో మాకు ముందే తెలుసు కాబట్టి, ఆ గోలలో ఆ మాట కోసమే వెతికే పద్ధతి పెట్టుకున్నాం. అంత గట్టిగా వెతికితే ఏ గోలలోనైనా అది దొరుకుతుంది. డబ్బా పట్టుకుని ఆ మంచు మీద నిలబడి నేను అనుకున్నది బిళ్ళ గురించి కాదు. నువ్వు మంచం పక్కన నిలబడి పిలవడం గురించి.

దీంతో అయిపోయి ఉంటే నేను ఆ రోజే నీకు ఫోను చేసి, ఇక పైపు వద్దంటున్న పెద్ద బావగారి మాట విను అనేదాన్నేమో. కానీ తర్వాతి వారం ఇంకోటి జరిగింది. చిత్తడినేలలో పాతిన బిళ్ళ ఒకటి శీతాకాలం మొదట్లోనే పలకడం మానేసింది. చచ్చిపోయిందని మార్యా దాన్ని లెక్కలోంచి కొట్టేయబోతుంటే, తీసెయ్యకు, ఇంకొంచెం ఎక్కువసేపు విందాం అన్నాను. ఈ పనిలో ఒకటుంది. ఎంత నెమ్మదిగా చెబితే అంత దూరం వినబడుతుంది. ఒక్క మాట చెప్పడానికి గంటలు పట్టినా ఫరవాలేదు, వినేవాడికి అంత ఓపిక ఉండాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బిళ్ళ వైపే చెవి పెట్టి, వచ్చినదంతా ఒకదాని మీద ఒకటి పేర్చాం. మాట తేలింది. ఈసారి నేనే ముందు దాని మీద డబ్బా మూయించాను. మూస్తే ఆగిపోయింది, తీస్తే వచ్చింది. అది ఇన్నాళ్ళూ చెప్పిందే చెబుతూ ఉంది. మేమే ఒక్క విడత విని లేచిపోతున్నాం.

మార్యా నవ్వుతూ, ఒకదాన్ని నువ్వే చంపావు, ఒకదాన్ని నువ్వే బతికించావు, ఇక ఇంటికి వెళ్ళి పడుకో అంది. ఆవిడకి బావగారి సంగతి తెలియదు. నేను చెప్పలేదు. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

బావగారి మీద రేకు డబ్బా మూయలేం కదక్కా.

నా చిన్నప్పుడు అమ్మ పోయి నేను మీ దగ్గరికి వచ్చిన కొత్తలో, రాత్రుళ్ళు నేను పడుకునేదాన్ని కాదని బావగారు ఒక రేడియో చేసి ఇచ్చారు. చెక్కముక్క మీద రాగితీగ చుట్టి, డాబా మీంచి కొబ్బరిచెట్టు దాకా ఒక తీగ లాగి. చెవికి పెట్టుకుంటే ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు పాట వినబడేది. బ్యాటరీ ఎక్కడ పెట్టారని అడిగాను. "దీనికి అక్కర్లేదమ్మా, గాలిలో వచ్చినదాంట్లోంచే కొంచెం తీసుకుని పలుకుతుంది" అన్నారు. స్కూల్లో లెక్కలు తప్పితే బెత్తం పట్టే మనిషి, ఆ రాగితీగ నాకోసం ఎన్నిసార్లు విప్పి చుట్టారో. పిల్లలు లేని మీకు నేను పిల్లనైంది ఆ చెక్కముక్క దగ్గరే అనుకుంటాను. నా చదువంతా ఆయన పెట్టింది. ఆ చదువుతో ఆయన గురించి చెప్పమని నువ్వు అడుగుతున్నావు. అడిగే హక్కు నీకుంది.

పెద్ద బావగారు నాకు ఫోను చేశారు, నీకు తెలియదు. కోప్పడకు. కోపంగా మాట్లాడలేదు. "అమ్మా లలితా, వాడు నా తమ్ముడు. వాడిని పంపించేద్దామని నాకు సరదా కాదు. తులసితీర్థం పోసి ప్రశాంతంగా వెళ్ళనిద్దామంటున్నాను. పైపు తీసి కొత్తది పెట్టేటప్పుడు మీ అక్క వంటింట్లోకి వెళ్ళిపోతుంది. తల పట్టుకునేది నేను. అప్పుడు వాడి మొహం ఎలా అవుతుందో మీరెవరూ చూడలేదు" అన్నారు. ఫోను పెట్టేసేముందు, "నువ్వు వచ్చినరోజు నువ్వు పట్టుకో తల" అన్నారు.

అక్కా, ఇక్కడే నా బుర్ర ఆగిపోయింది. నీ పిలుపుకి రెప్ప ఆడటం జవాబే అయితే, పైపు పెట్టేటప్పుడు మొహం అలా అవడం కూడా జవాబే. ఒకటి జవాబు, ఇంకోటి ఉత్త కదలిక అని మనకి నచ్చినట్టు విడదీసుకోలేం. ఆయన పలుకుతున్నారంటే దసరాల నుంచీ లోపల ఉన్నారు. ఉండి అంతా వింటున్నారు. పుండు నొప్పి, పైపు మంట, మంచం పక్కన మనం వాదించుకోవడం, అన్నీ. ఆయన లేరంటే ఇన్ని నెలలూ నువ్వు ఒక్కదానివే మాట్లాడుకుంటున్నావు. ఈ రెండింటిలో ఏదో ఒకటి నిజం కావాలని దేవుణ్ణి అడగాలి కదా, ఏది అడగాలి?

నిన్న ఇక్కడి మందుల షాపుకి వెళ్ళాను. మెత్తటి రబ్బరులాంటి పైపులు ఉన్నాయి, మనకి దొరికేవాటికంటే సన్నవి, గీసుకోవట, తొందరగా మార్చక్కర్లేదట. షాపు అమ్మాయి రెండు తీసి బల్ల మీద పెట్టింది. కొంటే ఒకటి నిర్ణయించినట్టు, కొనకపోతే ఇంకోటి నిర్ణయించినట్టు. చాలాసేపు నిలబడ్డాను. మళ్ళీ వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. ప్రయాణానికి ఇంకా కొన్ని రోజులున్నాయి, షాపు రోజూ తెరిచే ఉంటుంది.

రాజమండ్రి స్టేషనుకి ఎవరినీ పంపకు, నేనే బస్సెక్కి ద్రాక్షారామం వస్తాను. నాకోసం ఏమీ వండకు, చారన్నం చాలు. మంగకి ఇక్కడినుంచి ఉన్ని శాలువా తెస్తున్నానని చెప్పు, నవ్వుతుంది. పెద్ద బావగారికి నా నమస్కారాలు చెప్పు, ఆయన చెప్పింది కొట్టిపారేయలేదని కూడా చెప్పు. బావగారికి ఈ ఉత్తరం చదివి వినిపించకు. లేదా వినిపించు. నేను వస్తున్నానని మాత్రం చెప్పు, విభూతి పెట్టి అయినా సరే, పెట్టకుండా అయినా సరే. ఎప్పుడూ నన్ను చల్లగా ఉండమని దీవిస్తావు, ఈసారికి ఆ దీవెన నువ్వే ఉంచుకో, నీకే ఎక్కువ అవసరం.

అక్కడికి వచ్చి ఆయన తల పట్టుకున్నప్పుడు నేను "బావగారూ" అని పిలుస్తాను. పిలవకుండా ఉండలేను. ఆయన పలకాలని కోరుకుంటున్నానో, పలకకూడదని కోరుకుంటున్నానో నాకు తెలియదక్కా. ఈ ఉత్తరం పూర్తయ్యేసరికైనా తెలుస్తుందనుకున్నాను. తెలియలేదు.

నీ చెల్లెలు
లలిత